తనంతట తానే నీరు తాగే కుండీ



వేసవి సెలవుల్లో ఓ వారం ఊరు వెళ్లి వచ్చేసరికి డాబా మీది కుండీల్లో మొక్కలు ఎండిపోవడం చాలా ఇళ్లలో చూసేదే. ఆ భయంతో కొందరు బయలుదేరే ముందు కుండీ నిండా నీళ్లు పోసి, కింద నీళ్ల పళ్లెం కూడా పెడతారు. అప్పుడు మరో రకం నష్టం. వేళ్లు కుళ్లుతాయి, పళ్లెంలో దోమలు పుడతాయి. మొక్కకు కావలసినప్పుడు, కావలసినంత నీరు అందించే కుండీని మనమే తయారు చేసుకోలేమా? చేసుకోవచ్చు. కరెంటు అక్కర్లేదు, పంపు అక్కర్లేదు. దాని వెనక ఉన్న సూత్రాన్ని, తయారీ విధానాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

నీరు పైకి ఎలా పాకుతుంది?

దీపం ప్రమిదను గుర్తు చేసుకోండి. నూనె అడుగున ఉంటుంది, మంట వత్తి కొసన ఉంటుంది. నూలు పోగుల మధ్య ఉన్న సన్నని ఖాళీల గుండా నూనె పైకి పాకుతుంది. నీరు కూడా ఇలాగే పాకుతుంది. నీటి అణువులను పోగు తన వైపు లాక్కునే బలాన్ని అసంజన బలం అంటారు. నీటి అణువులు ఒకదానినొకటి పట్టుకునే బలం సంసంజన బలం. మొదటిది నీటి అంచును పైకి లాగితే, రెండోది మిగతా నీటిని దాని వెంట తీసుకుపోతుంది. దీనినే కేశనాళికీయత అంటారు.

గొట్టం ఎంత సన్నగా ఉంటే నీరు అంత ఎత్తుకు వెళ్తుంది. ఈ సంబంధాన్ని జేమ్స్ జురిన్ 1718లో వివరించాడు. శుభ్రమైన గాజు గొట్టం వ్యాసార్ధం 1 మిల్లీమీటరు అయితే నీరు సుమారు 1.5 సెంటీమీటర్లు ఎక్కుతుంది. అదే వ్యాసార్ధం పదో వంతుకు తగ్గితే ఎత్తు పది రెట్లు, అంటే సుమారు 15 సెంటీమీటర్లు అవుతుంది.

మట్టిలో గొట్టాలు లేకపోయినా రేణువుల మధ్య ఖాళీలు ఆ పని చేస్తాయి. ముతక ఇసుకలో ఖాళీలు పెద్దవి కాబట్టి నీరు కొద్ది ఎత్తుకే ఆగిపోతుంది. నల్లరేగడిలో అవి అతి సన్నవి. నీరు చాలా ఎత్తుకు వెళ్లగలదు కానీ బాగా నెమ్మదిగా వెళ్తుంది, పైగా గాలికి చోటుండదు. అందుకే మన కుండీకి కొబ్బరిపొట్టు, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, కొంచెం ఎర్రమట్టి కలిపిన తేలిక మిశ్రమం అనువైనది.

ఎంత నీరు కావాలో ఎవరు నిర్ణయిస్తారు?

మొక్కే. ఆకుల్లోని పత్రరంధ్రాల గుండా నీరు ఆవిరై పోతుంటుంది. ఇది బాష్పోత్సేకం. పోయిన నీటికి బదులు వేళ్లు చుట్టుపక్కల మట్టిలోని తేమను పీల్చుకుంటాయి. అక్కడ ఆరిన మట్టి తన కింది మట్టి నుంచి, అది తొట్టిలోని నీటి నుంచి తేమను లాక్కుంటాయి. ఎండ ఎక్కువైతే లాగుడు పెరుగుతుంది, మబ్బు పడితే తగ్గుతుంది.

గాలి ఖాళీ ఎందుకు?

ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. కుండీని నేరుగా నీళ్లలో ముంచి పెడితే పని తేలిక కదా అనిపించవచ్చు. కానీ వేళ్లు కూడా శ్వాసిస్తాయి. ఆక్సిజన్ గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నీటిలో సుమారు పది వేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. మునిగిన వేళ్లకు ఊపిరాడక అవి కుళ్లుతాయి. వరి వేళ్లలో గాలి ప్రయాణించే దారులు ఉంటాయి కనుక అది నీటిలో నిలుస్తుంది. టమాటా, మిరప నిలవలేవు. కాబట్టి నీటికి, మట్టి అడుగుకు మధ్య గాలి ఉండాలి. వత్తిలా పనిచేసే చిన్న భాగం మాత్రమే నీటిని తాకాలి.

తయారీ విధానం

కావలసినవి: ఒకే కొలత గల రెండు 20 లీటర్ల బకెట్లు, అర కిలో పెరుగు డబ్బా, అంగుళం పీవీసీ గొట్టం, దోమతెర ముక్కలు, నాలుగు రాళ్లు. కూరగాయలు పెంచదలిస్తే రంగుల బకెట్లకు బదులు మిఠాయి దుకాణాల్లో ఖాళీ అయ్యే బకెట్లు మేలు. లోపలికి వెలుతురు పోతే నీటిలో నాచు పెరుగుతుంది, కాబట్టి పారదర్శకమైనవి వద్దు.

1. లోపలి బకెట్ అడుగున మధ్యలో పెరుగు డబ్బా అంచు పట్టేలా రంధ్రం చేయండి. చుట్టూ పెన్సిలంత సన్నని రంధ్రాలు ఇరవై వరకు, ఒక పక్కన గొట్టానికి ఒక రంధ్రం చేయండి.

2. పెరుగు డబ్బా పక్కలకు, అడుగుకు చిన్న రంధ్రాలు చేసి మధ్య రంధ్రంలో దించండి. ఇదే మన వత్తి.

3. బయటి బకెట్‌లో రాళ్లు పేర్చి, లోపలి బకెట్ అడుగు 10 సెంటీమీటర్ల ఎత్తున నిలిచేలా చూడండి. పెరుగు డబ్బా బయటి బకెట్ అడుగుకు దగ్గరగా చేరాలి.

4. బయటి బకెట్ పక్కన 8 సెంటీమీటర్ల ఎత్తులో రంధ్రం పెట్టండి. ఎక్కువైన నీరు, వాన నీరు దీని గుండా పోతాయి. గాలి ఖాళీని కాపాడేది ఈ రంధ్రమే.

5. గొట్టం కింది కొసను ఏటవాలుగా కోసి దించండి. పై కొసకు మూత పెట్టండి.

6. డబ్బాలో తడిపిన మిశ్రమాన్ని గట్టిగా నొక్కి నింపండి. సన్న రంధ్రాల మీద దోమతెర పరిచి, మిగతా భాగాన్ని వదులుగా నింపి మొక్క నాటండి. మొదటిసారి నీరు పై నుంచే పోయాలి. మట్టి అంతా తడిస్తేనే నీటి దారి తెగకుండా ఏర్పడుతుంది. తరువాత గొట్టంలోనే పోయండి.

ఎన్ని రోజులు వస్తుంది?

బయటి బకెట్ వ్యాసం 28 సెంటీమీటర్లు అనుకుందాం. అడుగు వైశాల్యం 616 చదరపు సెంటీమీటర్లు. 8 సెంటీమీటర్ల ఎత్తుకు 4,928 ఘనపు సెంటీమీటర్లు, అంటే దాదాపు 4.9 లీటర్లు. రాళ్లు, డబ్బా ఆక్రమించే చోటు తీసేస్తే సుమారు 4 లీటర్లు మిగులుతాయి. రోజుకు అర లీటరు తాగే మొక్కకు ఇది ఎనిమిది రోజులు సరిపోతుంది. అయితే రోహిణి కార్తె ఎండల్లో మొక్క లాగే వేగాన్ని వత్తి అందుకోలేకపోవచ్చు. తొట్టిలో నీరుండి కూడా మధ్యాహ్నం ఆకులు వాలితే కుండీని నీడకు జరపండి.

మరువకూడని జాగ్రత్తలు

డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ దోమ ఇలాంటి నిలవ నీటిలోనే పుడుతుంది. వేడి వాతావరణంలో గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. మన తొట్టిలో నీరు ఉండేదీ అన్ని రోజులే! కాబట్టి పక్క రంధ్రానికి, రెండు బకెట్ల అంచుల మధ్య సందుకు దోమతెర బిగించి తీరాలి. ఈడిస్ గుడ్లు నీటి మట్టానికి కాస్త పైన గోడకు అంటుకుని, ఎండినా నెలల తరబడి బతికి ఉంటాయి. అందుకే బకెట్‌ను మళ్లీ వాడేటప్పుడు నీరు పారబోస్తే చాలదు, లోపలి గోడను రుద్ది కడగాలి.

రెండో విషయం, లవణాలు. నీరు పైకి ఎక్కి ఆవిరైపోతుంది, అందులోని లవణాలు మట్టి పైపొరలో మిగిలిపోతాయి. బోరు నీరు వాడేచోట తెల్లని పూత కనిపిస్తుంది. అప్పుడు పై నుంచి ధారాళంగా నీరు పోసి, పక్క రంధ్రం గుండా బయటికి పోనివ్వాలి. ఆపైన బకెట్‌ను వంచి తొట్టిలో మిగిలిన నీటిని కూడా పారబోయాలి.

తోటకూర, పాలకూర, పుదీనా, వంగ, మిరప, టమాటా ఈ కుండీలో బాగా పెరుగుతాయి. కలబంద, జెముడు జాతి మొక్కలకు మధ్యమధ్య మట్టి ఆరాలి కనుక వాటికిది పనికిరాదు.

చేసి చూడండి

అడుగున గుడ్డ కట్టిన మూడు పారదర్శక గొట్టాలలో పొడి ఇసుక, పొడి ఎర్రమట్టి, పొడి కొబ్బరిపొట్టు నింపి ఒకే నీటి పళ్లెంలో నిలబెట్టండి. తడి ఎంత ఎత్తుకు చేరిందో పది నిమిషాలకు, గంటకు, మర్నాటికి కొలిచి పట్టిక రాయండి. మొదట వేగంగా ఎక్కినదే చివరికి ఎక్కువ ఎత్తుకు చేరిందా? మీ కుండీ వత్తికి ఏ మిశ్రమం ఎంచుకోవాలో ఆ పట్టికే మీకు చెబుతుంది.