కుంఫూ రాని కథానాయకుడు

రాజకుమారుడు కాదు. మహర్జాతకుడూ కాదు. కత్తి తిప్పడం రాదు, అక్షరం ముక్క అసలే రాదు. వచ్చిందల్లా పాచికలాట, నోరు తెరిస్తే అబద్ధం, ప్రమాదం ముంచుకొస్తే కాలికి బుద్ధి చెప్పడం... అలాంటి పోకిరీ ఓ వీరగాథకి నాయకుడు. రాసింది చైనీస్ వీరగాథల చక్రవర్తి జిన్ యోంగ్!

చైనా సాహిత్యంలో 'వూషియా' అనే నవలలది ప్రత్యేక బాణీ. గాల్లో తేలే వీరులు, రహస్య విద్యలు, గురువులు, ప్రతీకారాలు... ఒకరకంగా మన జానపద సినిమాలకు దగ్గరి చుట్టాలు. ఎక్కడో దిక్కులేకుండా పెరిగిన కుర్రాడు అరుదైన విద్య నేర్చి, లోకాన్ని ఉద్ధరించడం వాటిలో తరచూ కనిపించే కథ. 1955లో రాయడం మొదలుపెట్టిన జిన్ యోంగ్ కూడా అలాంటి వీరుల్ని ఎందరినో సృష్టించారు. ఆఖరి నవల 'లూడింగ్ జీ' దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ సూత్రాన్నే తిరగేశారు. హాంకాంగ్‌లో 1959లో ఓ మిత్రుడితో కలిసి తాను స్థాపించిన 'మింగ్ పావ్' పత్రికలో 1969 నుంచి 1972 దాకా అది సీరియల్‌గా వచ్చింది.

సున్నమే ఆయుధం

కథాకాలం 17వ శతాబ్దం. చైనాని మంచూలు ఏలుతున్న రోజులు. హీరో వెయ్ షావోబావ్ యాంగ్‌జౌ నగరంలో ఓ వేశ్యాగృహంలో పుడతాడు. తండ్రెవరో తల్లికే తెలియదు. కొట్లాటలో శత్రువు కళ్లలో సున్నం చల్లి ఓ యోధుడి ప్రాణం కాపాడితే, అది వీరధర్మం కాదని అతను చీవాట్లు పెడతాడు. అదే కుర్రాడు అనుకోకుండా రాజప్రాసాదంలో అడుగుపెట్టి, బాల చక్రవర్తి కాంగ్షీకి ప్రాణమిత్రుడవుతాడు. మరోపక్క ఆ చక్రవర్తిని కూలదోయాలనుకునే రహస్య సంఘంలో నాయకుడూ అవుతాడు. సంఘం అధిపతి చెన్ జిన్నాన్ అంతటివాడు గురువైనా, యుద్ధవిద్యల్లో అతనికి బాగా ఒంటబట్టింది ఒక్కటే... తప్పించుకు పారిపోవడం!

సింహాసనమూ వద్దు

నవ్విస్తూ సాగే కథ అక్కణ్నుంచి బిగుసుకుంటుంది. సంఘాన్ని పట్టివ్వమంటాడు చక్రవర్తి. చక్రవర్తిని చంపమంటుంది సంఘం. ఇద్దరూ తనను నమ్మినవాళ్లే! చివరికి కొందరు పెద్దలొచ్చి 'నువ్వే సింహాసనమెక్కు' అని బతిమాలతారు. మామూలు వీరగాథలో అది శుభం కార్డు పడే ఘట్టం. షావోబావ్ హడలిపోతాడు. పదవులన్నీ వదిలేసి, ఏడుగురు భార్యల్నీ పిల్లల్నీ వెంటబెట్టుకుని ఎవరికీ కనిపించకుండా మాయమైపోతాడు.

నవల పేరులోనే ఉంది అసలు సంగతి. 'లూ' అంటే జింక, 'డింగ్' అంటే కాళ్లున్న కొప్పెర. రాజ్యం కోసం వేట సాగినప్పుడు జింకలా బలయ్యేది సామాన్యుడేనని తొలి అధ్యాయంలోనే ఓ పండితుడు కొడుక్కి వివరిస్తాడు. వేటగాడు కావడం ఇష్టంలేక, వేటకి చిక్కడమూ ఇష్టంలేక తప్పుకున్నవాడే షావోబావ్.

సీరియల్ వస్తున్న రోజుల్లో 'ఇది మీరే రాస్తున్నారా?' అంటూ పాఠకులు ఉత్తరాలు రాశారట. తర్వాత వాళ్లే ఆ పోకిరీని నెత్తిన పెట్టుకున్నారు. 1984లో టోనీ లియాంగ్ టీవీ సీరియల్లో, 1992లో స్టీఫెన్ చౌ సినిమాలో ఆ పాత్ర వేశారు. జిన్ యోంగ్ 2018లో కన్నుమూశారు. షావోబావ్ కథ ముగించాక 46 ఏళ్లు బతికినా, మరో వీరుడి కోసం ఆయన కలం పట్టలేదు.