గిటార్ కాపో కార్డ్స్‌ని నొటేషన్‌లో ఎలా చూపించాలి?

ఈ రోజు చిన్న విషయమే, కానీ స్టేజ్ మీద పరువు తీసే విషయం. ఒకసారి నేనే ఇరుక్కున్నాను. సింగర్ శ్రుతి ఆరున్నర, అంటే బి ఫ్లాట్. గిటార్‌కి తేలికని షీట్‌లో జి, సి, డి అని మాత్రమే రాశాను. గిటార్ వాయించే తమ్ముడు మూడో ఫ్రెట్‌లో కాపో పెట్టుకున్నాడు. కీబోర్డ్ అతను షీట్‌లో ఉన్నదే వాయించాడు. ఇంకేముంది, ఇద్దరికీ మూడు సెమీటోన్ల తేడా!

తప్పు ఎవరిదండీ? షీట్ రాసిన నాదే.

ముందు లెక్క చూద్దాం. కాపో ఒక్కో ఫ్రెట్ జరిగితే శబ్దం ఒక్కో సెమీటోన్ పైకి వెళ్తుంది. కాబట్టి పట్టుకోవాల్సిన షేప్ కావాలంటే అసలు కార్డ్ నుంచి అన్ని సెమీటోన్లు కిందకి దిగాలి. కాపో 3 అయితే బి ఫ్లాట్ జి అవుతుంది, ఇ ఫ్లాట్ సి అవుతుంది, ఎఫ్ డి అవుతుంది, జి మైనర్ ఇ మైనర్ అవుతుంది. అన్నీ ఓపెన్ కార్డ్సే, చూశారా!

ఇప్పుడు మ్యూజ్‌స్కోర్ ఓపెన్ చేయండి. స్వరాన్ని సెలెక్ట్ చేసి కంట్రోల్, కె నొక్కండి. అసలు కార్డే టైప్ చేయండి, అంటే బి ఫ్లాట్. స్పేస్ కొడితే తర్వాతి చోటుకి వెళ్తుంది. పాటంతా ఇలాగే.

అయ్యాక ఫార్మాట్ మెనూలో స్టైల్, అందులో కార్డ్ సింబల్స్. అక్కడ కాపో ఫ్రెట్ పొజిషన్ అని ఉంటుంది. 3 అని ఇవ్వండి. అంతే, ప్రతి కార్డ్ పక్కనా బ్రాకెట్‌లో గిటార్ షేప్ వచ్చేస్తుంది. బయట ఉన్నది కీబోర్డ్‌కి, బ్రాకెట్‌లోది గిటార్‌కి. 3 బదులు 1 ఇస్తే బ్రాకెట్లన్నీ వాటంతటవే మారతాయి. కాకపోతే అప్పుడు జి మైనర్‌కి ఎఫ్ షార్ప్ మైనర్ వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఆ బారే కార్డ్ కష్టం. అందుకే ఈ పాటకి 3 బాగుంటుంది.

చివరగా ఒక్క మాట. బ్రాకెట్లు చూసినంత మాత్రాన కాపో ఎక్కడ పెట్టాలో గిటారిస్ట్‌కి తెలియదు కదా? మొదటి స్వరం సెలెక్ట్ చేసి, కంట్రోల్, టి కొట్టి, "కాపో 3" అని పైన రాసేయండి. ప్రింట్ తీసే ముందు ఒక లైన్ గిటార్‌తో, ఒక లైన్ కీబోర్డ్‌తో వాయించి చూసుకోండి.

ప్రాక్టీస్ చేయండి, మళ్ళీ కలుద్దాం.