సెట్లర్‌ని ఎక్కడ దింపుదాం?

సివిలైజేషన్ 6 ఆడేవాళ్లకి ఈ బాధ తెలుసు. క్రీస్తుపూర్వం 4000. మ్యాప్ అంతా మబ్బు కమ్మేసి ఉంటుంది. మధ్యలో కాసిని గళ్లు మాత్రమే కనిపిస్తుంటాయి. మన చేతిలో ఉన్నది ఇద్దరే. ఊరు పెట్టడానికి ఒక సెట్లర్, వాడికి కాపలాగా ఒక వారియర్. వేల ఏళ్లు నడవాల్సిన సామ్రాజ్యానికి రాజధాని ఎక్కడో ఇప్పుడే చెప్పాలి. ఒకసారి ఊరు పెట్టేశాక దాన్ని లేపి పక్క గడిలో పెట్టడం కుదరదు.

ఆడనివాళ్ల కోసం రెండు ముక్కలు. సిడ్ మైయర్ పేరుతో 1991లో మొదలైన సిరీస్ ఇది. ఆరో భాగం 2016లో పీసీకి, 2018లో ఐఫోన్‌కి, 2020లో ఆండ్రాయిడ్‌కి వచ్చింది. మ్యాప్ అంతా ఆరు మూలల గళ్లు. మనం ఒక టర్ను, ఎదుటివాళ్లు ఒక టర్ను, అచ్చం చదరంగంలా. కాకపోతే చదరంగంలో బోర్డు మొత్తం ముందే కనిపిస్తుంది, ఇక్కడ కనిపించదు. అందుకే ఇందులో ఓపెనింగ్ అంటే కంఠతా పట్టే ఎత్తులు కాదు, కనిపించిన కాసిని గళ్లలోంచి కనిపించనివాటిని ఊహించడం.

మా పిన్ని కొడుకు ఇంజినీరింగ్ రెండో ఏడు. వాడికి ఇందులో అనుమానమే లేదు. సముద్రం కనిపించిందా, ఒడ్డున దింపేయడమే. "మనది సముద్రం పక్క ఊరు కదన్నా, మనకి ఒడ్డే కలిసొస్తుంది" అంటాడు. మాది విడవలూరు. నెల్లూరు జిల్లాలో పెన్నా సముద్రంలో కలిసే చోటు, ఊటుకూరు, మా మండలమే. రామతీర్థం బీచ్ కూడా మాదే. కాబట్టి వాడి సెంటిమెంటు నాకు అర్థమవుతుంది. ఒప్పుకోవడం మాత్రం కష్టం.

ఎందుకో లెక్కేసి చూద్దాం. సెట్లర్‌ని నొక్కితే మ్యాప్ మీద రంగులు పడతాయి. ముదురు ఆకుపచ్చ పడితే మంచినీళ్లు, అంటే పక్కన నదో చెరువో ఉన్నట్టు. లేత ఆకుపచ్చ అంటే సముద్రం ఒడ్డు. రెండూ కాకపోతే నీళ్లు లేని గడి. మంచినీళ్ల పక్కన ఊరు పెడితే హౌసింగ్ 5 వస్తుంది, ఒడ్డున 3, నీళ్లే లేకపోతే 2. రాజధానిలో ప్యాలెస్ ఉంటుంది కాబట్టి ఇంకో 1 కలుస్తుంది. అంటే నది పక్క రాజధానికి 6, ఒడ్డున రాజధానికి 4. తేడా రెండే కదా అనిపిస్తుంది. కానీ జనాభా హౌసింగ్‌కి ఒక్క అడుగు దూరంలోకి రాగానే ఊరి ఎదుగుదల సగానికి పడిపోతుంది, సమానమైతే పావు వంతుకి. కాబట్టి ఒడ్డున ఉన్న రాజధాని ముగ్గురు జనానికే నీరసపడుతుంది. నది పక్కది ఐదుగురి దాకా పరిగెడుతుంది. గేమ్ మొదట్లో ఆ ఇద్దరు మనుషులంటే మామూలు విషయం కాదు. ఎందుకంటే కొత్త సెట్లర్‌ని తయారు చేసిన ప్రతిసారీ ఊరు ఒక మనిషిని వదులుకోవాలి.

ఇంకో లెక్క ఉంది, దాన్ని మావాడు అసలు పట్టించుకోడు. ఊరు తన చుట్టూ మూడు గళ్ల దూరం వరకు వాడుకోగలదు. మొత్తం 36 గళ్లు. ఒడ్డున కూర్చుంటే అందులో సగం నీళ్లే. ఒడ్డు పక్క సముద్రపు గడి ఇచ్చేది ఒక ఫుడ్, ఒక గోల్డ్. ఒక్కో మనిషి తినేది రెండు ఫుడ్. చేపలున్న గడి అయితే తప్ప, ఆ నీళ్ల మీద పనిచేసేవాడు తన కూడు కూడా తాను సంపాదించుకోలేడు. ప్రొడక్షన్ సున్నా. దానితో పోలిస్తే మామూలు పచ్చిక గడి రెండు ఫుడ్ ఇస్తుంది, పని చేసినవాడి కడుపైనా నిండుతుంది.

దీనికి మా జిల్లా మ్యాపే సాక్ష్యం. నెల్లూరు సముద్రం మీద లేదు. దాదాపు 20 కిలోమీటర్లు లోపలికి, పెన్నా ఒడ్డున ఉంది. విక్రమసింహపురి అన్నా, నెల్లూరన్నా అక్కడే. ఈ ప్రాంతం పేరు మోసింది చేపలతో కాదు, మొలగొలుకుల బియ్యంతో. మా విడవలూరు కూడా ఇసుక మీద కాదు, కాలువ నీళ్లు పారే వరి మళ్ల మధ్య ఉంది. ఒడ్డున ఉన్నవి మత్స్యకారుల పల్లెలు. వాటి అవసరం వాటిది, కానీ వాటిల్లో ఏదీ నెల్లూరు కాలేదు. ఇదంతా మా అవ్వకి చెప్తే ఫోన్ వైపు చూడకుండానే, "ఉప్పునీళ్లు పెట్టుకుని ఏం పండిస్తారబ్బయా?" అంది. అవ్వకి హౌసింగ్ లెక్క తెలీదు. ఒడ్డు దగ్గర బావి తవ్వితే ఏ రుచి నీళ్లు వస్తాయో బాగా తెలుసు.

ఇప్పుడు మా తీరంలోనే జరిగిన నిజమైన సెట్లర్ కథ ఒకటి చెప్తా. గేమ్ కంటే బాగుంటుంది.

ఆర్మగాన్ అనే మొదటి ట్రై

ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వ్యాపారం మొదలుపెట్టింది. అక్కడ స్థానిక అధికారులతో చికాకులు. డచ్చివాళ్లేమో 1613కే పులికాట్‌లో కోట కట్టుకుని కూర్చున్నారు. గేమ్ భాషలో చెప్పాలంటే మంచి గళ్లు ముందే పోయాయి. అప్పుడు కంపెనీ వాళ్లు 1626లో పులికాట్‌కి ఉత్తరాన, దుగరాజపట్నం దగ్గర దిగారు. వాళ్ల రాతల్లో దాని పేరు ఆర్మగాన్. అక్కడ సహాయపడిన ఆర్ముగ ముదలియార్ పేరు మీదే అలా పిలిచారంటారు. చిన్న కోట కట్టారు, ఫిరంగులు పెట్టారు.

రేవుగా చూస్తే ఆర్మగాన్ మంచి గడే. సముద్రంలో ఉన్న ఇసుకదిబ్బ అలల జోరుని ఆపుతుంది, ఓడలు ఆ చాటున ఆగొచ్చు. మా పిన్ని కొడుకైతే రెండో ఆలోచన లేకుండా అక్కడే దింపేసేవాడు. సమస్య ఎక్కడొచ్చిందంటే, వాళ్లు వచ్చింది బట్టల కోసం. చుట్టుపక్కల కావలసినంత బట్ట దొరకలేదు, దొరికింది గిట్టలేదు. నిలబడ్డ గడి బాగుంది, చుట్టూ ఉన్న 36 గళ్లు ఏమీ ఇవ్వలేదు.

పదమూడేళ్లు అలా లాగారు. ఆర్మగాన్‌లో కంపెనీ పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో తీరం వెంట దక్షిణంగా వెళ్లి ఇంకో చోటు చూశాడు. మద్రాసుపట్నం. రేవు లెక్కన అది ఆర్మగాన్ కంటే నాసి. ఓడలు దూరంగా లంగరేస్తే, సరుకూ మనుషులూ మసూలా పడవల్లో అలల మీద ఎగిరి పడుతూ ఒడ్డుకి రావాలి. రెండు శతాబ్దాలకు పైగా ఆ ఊరికి సరైన ఓడరేవే లేదు. అయినా డే దానికే ఓటేశాడు. ఎందుకంటే అక్కడ నేతగాళ్లున్నారు, బట్ట చవక. పైగా ఆ ప్రాంతాన్ని ఏలుతున్న తెలుగు నాయకుడు దామెర్ల వెంకటప్ప రమ్మని పిలిచి 1639 ఆగస్టులో కౌలు రాసిచ్చాడు. మరుసటి ఏడాదే ఆర్మగాన్ నుంచి సామాను సర్దుకుని వెళ్లి సెయింట్ జార్జ్ కోట మొదలుపెట్టారు. చెన్నపట్నం అన్న పేరు వెంకటప్ప తండ్రి చెన్నప్ప నాయకుడి మీద వచ్చిందని చెప్తారు.

ఊరు కట్టి, పదమూడేళ్ల తర్వాత ఎత్తేసి ఇంకోచోట పెట్టుకునే సదుపాయం కంపెనీకి ఉంది. గేమ్‌లో మనకి లేదు. నన్నడిగితే డే ఎంపిక సగమే రైటు. చుట్టూ ఉన్న గళ్లు ఏమిస్తాయో చూశాడు, బాగుంది. మంచినీళ్ల లెక్క మాత్రం ఆ ఊరు ఇప్పటికీ తీరుస్తూనే ఉంది.

ఇది పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. 2019 వేసవిలో నేను చెన్నై ఓఎంఆర్‌లో ఉద్యోగానికి కొత్త. నగరానికి నీళ్లిచ్చే రిజర్వాయర్లు దాదాపు ఎండిపోయాయి. మా ఆఫీసులో కుళాయిలు కట్టేసి ఇంటి నుంచే పని చేయమన్నారు. అద్దె ఇంట్లో ఏముంది, అక్కడా ట్యాంకర్ కోసం ఎదురుచూపే. జోలార్‌పేట నుంచి రైళ్లలో నీళ్లు తెచ్చారు ఆ ఏడాది. నేను బట్టలు ఉతుక్కోవడానికి విడవలూరు బస్సెక్కిన వారాలున్నాయి, నవ్వకండి.

మామూలు రోజుల్లో కూడా చెన్నై తాగే నీళ్లలో ఒక వాటా మా వైపు నుంచే వెళ్తుంది. తెలుగుగంగ. 1983లో ఒప్పందం, 1996లో తొలిసారి నీళ్లు చేరాయి. శ్రీశైలంలో బయల్దేరిన కృష్ణా నీళ్లు పెన్నా మీది సోమశిలకి, అక్కడి నుంచి కండలేరుకి, కండలేరు నుంచి 150 కిలోమీటర్లకు పైగా కాలువలో పూండికి వెళ్తాయి. గేమ్‌లో దీన్ని అక్విడక్ట్ అంటారు. కట్టాలంటే ఇంజినీరింగ్ టెక్నాలజీ రావాలి, ఒక గడి దానికే పోతుంది, బోలెడన్ని టర్నులు పడుతుంది. అన్నీ అయ్యాక నీళ్లు లేని ఊరికి దక్కేది హౌసింగ్ 6. నది పక్కన దిగినవాడికి అందులో 5 మొదటి టర్నులోనే ఊరికే వచ్చాయి. పైగా గేమ్‌లో అక్విడక్ట్ ఒకవైపు ఊరిని, ఇంకోవైపు నీటి వనరుని తాకుతూ ఉండాలి. 150 కిలోమీటర్ల కాలువ తవ్వడం అక్కడ కుదరదు.

సరే, మొదటి టర్నులో ఏం చేయాలి?

ముందు వారియర్‌ని కదపండి, సెట్లర్‌ని కాదు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. వారియర్ రెండు అడుగులు వేస్తే ఇంకొన్ని గళ్లు తెరుచుకుంటాయి, అప్పుడు నిర్ణయించుకోవచ్చు. నిలబడ్డచోటే నది ఉంటే అక్కడే పెట్టేయండి. నది పక్కనే మైదానపు గుట్ట, అంటే ప్లెయిన్స్ హిల్ కనిపిస్తే దాని కోసం ఒక టర్ను ఖర్చు పెట్టొచ్చు. మామూలు చోట ఊరి గడి రెండు ఫుడ్, ఒక ప్రొడక్షన్ ఇస్తే, ఆ గుట్ట మీద రెండూ రెండు వస్తాయి. ఆ ఒక్క ప్రొడక్షన్ గేమ్ అంతా నడుస్తుంది. మూడో టర్ను దాటి తిరగడం మాత్రం దండగ. ఎదురుగా ఉన్న ఏఐ రాజులు అప్పటికే ఊళ్లు పెట్టేసి ఉంటారు.

ఊరు పెట్టాక నేను చేసే వరుస స్కౌట్, స్లింగర్, సెట్లర్. స్కౌట్ ఖరీదు 30 ప్రొడక్షన్, దారి చూస్తాడు. స్లింగర్ దేనికంటే బార్బేరియన్లకి. వాళ్ల స్కౌట్ మన ఊరిని చూసి వెనక్కి వెళ్లాడంటే దండు వచ్చేస్తుంది. వాడు తిరిగి వెళ్లకముందే లేపేయాలి. స్లింగర్‌తో ఒక్కణ్ణి చంపితే ఆర్చరీ టెక్నాలజీకి బూస్ట్ కూడా వస్తుంది. సెట్లర్ 80, ఊళ్లో ఇద్దరు జనం ఉంటే తప్ప తయారవడు. ఎర్లీ ఎంపైర్ దగ్గరలో ఉందనిపిస్తే కాస్త ఆగండి. కాలనైజేషన్ కార్డు పెడితే సెట్లర్ల మీద ప్రొడక్షన్ 50 శాతం ఎక్కువ పడుతుంది.

నది అనగానే ఎగిరి గంతేయకండి, దానికీ ఒక మెలిక ఉంది. గ్యాదరింగ్ స్టార్మ్ ఎక్స్‌పాన్షన్ ఉంటే నదులకి వరదలొస్తాయి. పొలాలు కొట్టుకుపోతాయి, ఒక్కోసారి జనం పోతారు. తగ్గాక అవే గళ్లు ఇంకాస్త సారవంతం అవుతాయి. పెన్నా పక్కన పుట్టినవాళ్లకి ఇది కొత్త కాదు. 2021 నవంబరులో వరదకి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, కోవూరు వైపు హైవే తెగింది. నెల్లూరు మాకు గంట లోపు ప్రయాణం, ఆ రోజుల్లో అదే వేరే దేశం అయిపోయింది. మళ్లలో ఇసుక మేట వేసింది. మేట తీయించి మళ్లీ నాట్లేశారు. ఎవరూ ఊరు వదిలి సముద్రం ఒడ్డుకి పోలేదు. గేమ్‌లో కూడా అంతే, ఆ గళ్లు వదులుకోవద్దు. డ్యామ్ కట్టే వీలొచ్చేదాకా ఖరీదైనవేవీ వరద గళ్లలో కట్టకుండా ఉంటే చాలు.

మరి సముద్రం వద్దా అంటే, అలా కాదు. మావోరీ రాజు కూపే లాంటివాళ్లు ఆట మొదలుపెట్టేదే నీళ్ల మీద. ఫినీషియా, నార్వే తీసుకున్నా లెక్క మారుతుంది. ఒడ్డున ఊరు పెడితే సెయిలింగ్‌కి బూస్ట్ వస్తుంది, అదీ నిజమే. కానీ ఆ ఊరు రెండోదో మూడోదో కావొచ్చు కదా. ఇంకో విషయం, హార్బర్ కట్టాలంటే ఊరు ఒడ్డునే ఉండాలని రూలు లేదు. మూడు గళ్ల లోపల ఒడ్డు తగిలే నీటి గడి ఉంటే చాలు. రెండు గళ్లు లోపల నది పక్కన కూర్చుని, ఒడ్డున హార్బర్ కట్టుకుని ఓడలు దింపుకోవచ్చు. నెల్లూరు, కృష్ణపట్నం అన్నమాట.

హార్బర్ ఎక్కడన్నది కూడా చిన్న ప్రశ్నేం కాదు. కంపెనీ వాళ్లు వదిలేసి వెళ్లిన దుగరాజపట్నం మళ్లీ 2014లో వార్తల్లోకి వచ్చింది. అక్కడ పెద్ద ఓడరేవు కట్టాలని, మొదటి దశ 2018 చివరికి పూర్తి కావాలని రాష్ట్ర విభజన చట్టంలోనే రాశారు. ఉత్తరాన కృష్ణపట్నం అప్పటికే నడుస్తోంది, దక్షిణాన చెన్నై వైపు రేవులు, పక్కనే శ్రీహరికోట, పులికాట్ సరస్సు. 2022లో ఆ ఊరు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది, ఓడరేవు మాత్రం రాలేదు. మా పిన్ని కొడుక్కి ఈ సంగతి చెప్పాను. మొన్న వాడి కొత్త గేమ్ స్క్రీన్‌షాట్ పంపాడు. రాజధాని నది మలుపులో ఉంది, సముద్రానికి రెండు గళ్ల లోపల. రెండో సెట్లర్ ఒడ్డు వైపు నడుస్తున్నాడు. దారిలో బార్బేరియన్ క్యాంపు ఉంది, వాడికి ఇంకా కనిపించినట్టు లేదు.