అడుగుల లెక్కకు అందని చాకిరీ

రోజుకు ఎన్ని అడుగులు నడిస్తే ఆయుష్షు ఎంత పెరుగుతుందన్న ప్రశ్నకు వైద్య పరిశోధన నేడు అంకెలతో జవాబు చెబుతోంది. మణికట్టుకో నడుముకో కట్టుకునే చిన్న పరికరం మనిషి కదలికలను క్షణక్షణం నమోదు చేస్తుంది. కొన్నేళ్ల తర్వాత ఆ నమోదును మరణాల రికార్డుతో జోడించి చూస్తారు. ఎక్కువగా కదిలినవారు ఎక్కువ కాలం బతికారని తేలుతుంది. ఈ నిర్ధారణను నేను కాదనను. అయితే ఆ పరికరాన్ని ఎవరి ఒంటికి కట్టి ఈ సూత్రాన్ని రాబట్టారన్న ప్రశ్న వేయకుండా దాన్ని మన సమాజానికి అన్వయించడం శాస్త్రీయం కాదు. కాయకష్టం పుట్టుకతోనే కొన్ని కులాల నెత్తిన పడే దేశంలో ఆ ప్రశ్న మరింత అవసరం.

ఈ పరిశోధనకు తొలి పునాది లండన్ బస్సుల్లో పడింది. రోజంతా కూర్చుని బస్సు నడిపే డ్రైవర్ల కంటే, డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కి దిగే కండక్టర్లలో గుండె జబ్బు తక్కువని జెర్రీ మారిస్ బృందం 1953లో ప్రకటించింది. మారిస్ అక్కడితో ఆగలేదు. 1956లో ఆ సిబ్బంది యూనిఫారాల కొలతలను పరిశీలించి, పిన్న వయసు డ్రైవర్లకు సైతం నడుము చుట్టుకొలత ఎక్కువగానే ఉందని చూపారు. పని మనిషిని మలుస్తుంది, నిజమే. కానీ ఏ మనిషి ఏ పనిలోకి వస్తాడన్నది ముందే నిర్ణయమై ఉండవచ్చు. ఆ జాగ్రత్తను మనం నేటికీ మరవకూడదు.

తర్వాతి దశాబ్దాల్లో పరిశోధకులు ప్రధానంగా ప్రశ్నావళులపై ఆధారపడ్డారు. జ్ఞాపకం నుంచి చెప్పే జవాబుల్లో పొరపాట్లు సహజం. ఆ లోపాన్ని సరిదిద్దడానికే యాక్సెలెరోమీటర్ వచ్చింది. అమెరికా జాతీయ ఆరోగ్య, పోషకాహార సర్వేలో 2003-06 మధ్య ఈ పరికరం ధరించిన 4,840 మంది వివరాలను 2020లో విశ్లేషించారు. రోజుకు 4 వేల అడుగులు వేసినవారితో పోలిస్తే 8 వేలు వేసినవారిలో మరణ ప్రమాదం 51 శాతం తక్కువ. మొత్తం అడుగులను లెక్కలోకి తీసుకున్నాక నడక వేగానికి విడిగా ప్రాధాన్యం కనిపించలేదు. 2019లో ఐ-మిన్ లీ బృందం సగటు వయసు 72 ఏళ్లున్న 16,741 మంది స్త్రీలపై జరిపిన అధ్యయనంలో, 2,700 అడుగుల వారికంటే 4,400 అడుగుల వారికి మరణ ప్రమాదం 41 శాతం తగ్గింది. సుమారు 7,500 దాటాక అదనపు ప్రయోజనం కనిపించలేదు. మన చేతి గడియారాలు వల్లించే 10 వేల అడుగుల మంత్రం ప్రయోగశాలలో పుట్టలేదు. 1965 ప్రాంతంలో జపాన్ మార్కెట్లోకి వచ్చిన ఒక నడక మీటరు పేరులో పుట్టింది.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మొదటిది, జబ్బుపడినవారు సహజంగానే తక్కువ కదులుతారు. కదలక చనిపోయారా, చావు దగ్గరపడి కదలలేకపోయారా అన్న చిక్కుముడి ఎప్పుడూ ఉంటుంది. తొలి ఏళ్లలో సంభవించిన మరణాలను పక్కనపెట్టి పరిశోధకులు దాన్ని కొంతవరకు విప్పుతారు. రెండవది, నమూనా ఎవరిదన్న ప్రశ్న. లీ అధ్యయనంలోని స్త్రీలు అమెరికా ఆరోగ్య రంగంలో పనిచేసినవారు, అత్యధికులు శ్వేతజాతీయులు. బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంక్ 2013-15 మధ్య లక్ష మందికి పైగా మణికట్టు పరికరాన్ని వారం రోజులు ధరింపజేసింది. ఆ బయోబ్యాంక్ దాదాపు 92 లక్షల మందిని ఆహ్వానిస్తే చేరింది 5.5 శాతమే. చేరినవారు సాధారణ జనం కంటే ఆరోగ్యవంతులు, తక్కువ పేదరికమున్న ప్రాంతాలవారు. ఇలాంటి జనంలో కదలిక అంటే చాలావరకు తీరిక ఉన్న మనిషి ఎంచుకున్న నడక.

మరి ఎంచుకోని కదలిక మాటేమిటి? 17 అధ్యయనాలను, 1,93,696 మంది వివరాలను క్రోడీకరించిన 2018 నాటి విశ్లేషణ ప్రకారం, ఉద్యోగంలో అధిక శారీరక శ్రమ చేసే పురుషులకు, తక్కువ శ్రమ చేసేవారికంటే అకాల మరణ ప్రమాదం 18 శాతం ఎక్కువ. దీనిని 'శారీరక శ్రమ వైరుధ్యం' అంటున్నారు. డెన్మార్క్ పరిశోధకుడు ఆండ్రియాస్ హోల్టర్‌మన్ వివరణ సూటిగా ఉంటుంది. వ్యాయామం కాసేపు సాగుతుంది, ఆ తర్వాత విశ్రాంతి దొరుకుతుంది. కూలిపని గంటల తరబడి, ఒకే భంగిమలో, బరువులతో సాగుతుంది. కోలుకునే వ్యవధి లేక గుండె వేగం, రక్తపోటు ఎక్కువసేపు హెచ్చుగానే ఉంటాయి. నార్వేలో 2021లో వెలువడిన అధ్యయనం మాత్రం, విద్య, ఆదాయం, ధూమపానం వంటివి సరిచూశాక శ్రమ చేసే పురుషులకు అలాంటి నష్టం లేదని చెప్పింది. వివాదం ఇంకా తేలలేదు. తేలనంతవరకు 'కష్టపడేవాడికి రోగం రాదు' అన్న తీర్పు మాత్రం ఎవరూ ఇవ్వలేరు.

పరికరానికీ పరిమితులున్నాయి. యాక్సెలెరోమీటర్ కొలిచేది త్వరణాన్ని, భారాన్ని కాదు. ఉత్త చేతులతో నడిచే మనిషీ, నెత్తిన ఇటుకల తట్టతో నడిచే మనిషీ దానికి ఇంచుమించు ఒక్కటే. బురదలో నడుం వంచి నాట్లు వేసే స్త్రీ వేసే అడుగులు కొద్ది. నడుముకు కట్టిన మీటరు ఆమెను దాదాపు సోమరిగా నమోదు చేస్తుంది. గోదాములో బస్తా ఎత్తి నిలబడే హమాలీ వెన్నుపై పడే ఒత్తిడి ఏ అడుగుల లెక్కలోకీ రాదు. మే నెల ఎండ అసలే రాదు.

మన దేశానికి వద్దాం. భారత వైద్య పరిశోధన మండలి మధుమేహ సర్వే ఫలితాలు 2014లో 54.4 శాతం మందిలో శారీరక శ్రమ చాలదన్నాయి. 2022 నాటికి దేశ వయోజనుల్లో దాదాపు సగం మంది అదే స్థితిలో ఉన్నారని 2024లో 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్' అంచనా వేసింది. ఇవి ప్రశ్నావళుల ఆధారంగా వచ్చిన సగటులు. కుర్చీలో కూర్చునే ఉద్యోగినీ, కంకర మోసే కూలీనీ కలిపితే వచ్చే సగటు ఇద్దరి గురించీ నిజం చెప్పదు. హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాల్లో దశాబ్దాలుగా సాగుతున్న ఏపీక్యాప్స్ అధ్యయనంలో ప్రశ్నావళిని యాక్సెలెరోమీటర్‌తో సరిచూశారు. అంటే మన పల్లెల్లో ఈ కొలత సాధ్యమే. దాన్ని కులంతో, వృత్తితో, మరణాలతో జోడించే సంకల్పమే కావాలి.

ఆ జోడింపు ఎందుకు? తొమ్మిది ఉత్తరాది, తూర్పు రాష్ట్రాల వార్షిక ఆరోగ్య సర్వేను విశ్లేషించి 2022లో సంగీత వ్యాస్, పాయల్ హాథీ, ఆశిష్ గుప్తా ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అగ్రకుల హిందువుల కంటే ఆదివాసుల ఆయుర్దాయం నాలుగేళ్లకు పైగా, దళితులది మూడేళ్లకు పైగా తక్కువ. ఆర్థిక స్థితి ఈ అంతరంలో సగాన్ని కూడా వివరించలేదు. అడుగులే ఆయుష్షయితే, పొలాల్లో, ఇటుక బట్టీల్లో నిరంతరం కదిలే ఈ జనమే అందరికంటే ఎక్కువ కాలం బతకాలి. బతకడం లేదు. కులం మనుషులను పనుల్లోకే కాదు, విశ్రాంతిలోకీ ఆయుష్షులోకీ కూడా విభజిస్తోందన్నమాట.

ఇక శ్రామిక కులాల చేతికి ఈ గడియారం చేరిన చోట ఏం జరిగింది? నాగపూర్, చండీగఢ్, పంచ్‌కుల నగరాల్లో పారిశుద్ధ్య కార్మికులకు జీపీఎస్ గడియారాలు కట్టారు. వారి గుండె పదిలంగా ఉందో లేదో చూడటానికి కాదు, ఎక్కడున్నారో, ఎప్పుడు ఆగారో చూడటానికి. కార్మికులు దీన్ని బానిసత్వపు గుర్తుగా భావించి ఆందోళనకు దిగారు. ఈ రంగంలో ఎవరున్నారో వేరే చెప్పనక్కరలేదు. కేంద్రం 'నమస్తే' పథకం కింద 2024 నాటికి వివరాలు సేకరించిన దాదాపు 38 వేల మంది మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకుల కార్మికుల్లో 92 శాతం ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలే. వారిలో ఎస్సీలే సుమారు 69 శాతం. ఒకరి మణికట్టుపై గడియారం 'కాస్త లేచి నడవండి' అంటుంది. మరొకరి మణికట్టుపై అదే గడియారం 'ఎందుకు ఆగావు' అని నిలదీస్తుంది.

పరికరాన్ని తిరస్కరించడం దీనికి పరిష్కారం కాదు. దాన్ని సరైన ప్రశ్నకు వాడాలి. శ్రామికుల కదలికతో పాటు విశ్రాంతిని, నిద్రను, గుండె వేగాన్ని, మోసే బరువును, పనిచోటి ఎండను కొలిచే దీర్ఘకాలిక అధ్యయనాలు కావాలి. వాటి సమాచారంపై హక్కు యజమానికి కాక కార్మికునికి ఉండాలి. నమూనా నమోదు వ్యవస్థ జీవన పట్టికలను స్త్రీ పురుషుల వారీగా, గ్రామం, పట్టణం వారీగా ప్రచురిస్తుంది, కులం వారీగా ప్రచురించదు. దాన్ని మార్చాలని విద్యార్థులు, పరిశోధకులు అడగాలి. 2020లో నమోదైన మరణాల్లో 22.5 శాతానికే వైద్యులు కారణాన్ని ధ్రువీకరించారు. మరణమే సరిగా నమోదు కానివారి కదలికను ఎంత సూక్ష్మంగా కొలిచినా ప్రయోజనం పరిమితమే.

తీరిక ఉన్నవారికి మరికొన్ని అడుగులు నిజంగానే ఔషధం. అడుగులు ఎక్కువై అలసినవారికి కావాల్సిన ఔషధం వేరు. పని గంటలకు హద్దు, నీడ, యంత్రం, వేతనంతో కూడిన సెలవు, గౌరవం. ఆరోగ్య విధానం ఈ రెండు మందుల చీటీలనూ వేర్వేరుగా రాయడం నేర్వాలి.