చెక్క ఇంటికి సిమెంటు పలకల తొడుగు

మన ప్రాంతంలో గోడ అనగానే ఇటుక, రాయి, సిమెంటు మనస్సుకు వస్తాయి. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరపు పాతపేటలలో గోడ అంటే వేరు. గుంజలపై నిలిపిన కొయ్య చట్రం, దాని వెలుపల అడ్డంగా బిగించిన చెక్క పలకలు, ముందు విశాలమైన వరండా, పైన ముడతల ఇనుప రేకు: ఇదీ అక్కడి సంప్రదాయ గృహం. మన తాటాకు కప్పులో వలెనే ఒక పలక అంచు మరొక పలకపై పడేట్లు కింది నుండి పైకి పేరుస్తారు. వాన నీరు లోనికి చొరకుండా జారిపోతుంది. ఈ పలకలనే వెదర్‌బోర్డులంటారు.

మనకు దీనితో ఏమి పని అని పాఠకులు అడగవచ్చు. మన కుటుంబాల పిల్లలు అనేకులు నేడు సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్‌లలో స్థిరపడి పాత ఇళ్లు కొంటున్నారు. పెద్ద ఖర్చు తలపెట్టినప్పుడు ఇక్కడి అమ్మానాన్నలను సంప్రదించడం మన ఇళ్లలో ఇంకా పోలేదు. చెక్క పుచ్చిపోయింది, ఏళ్ల కొద్దీ రంగులు వేయలేకున్నాము, ఫైబర్ సిమెంటు పలకలు బిగించమంటారా అన్న ప్రశ్న ఆ విధంగా ఇక్కడి పెద్దల వరకు వస్తున్నది. కొత్త పలక ఎంచుకొనేముందు పాత గోడ ఏమిటో తెలుసుకోవాలన్నదే ఈ విషయంలో మేము మొదట చెప్పదలచిన మాట.

ఫైబర్ సిమెంటు మనకు అపరిచితమైన వస్తువు కాదు. హైదరాబాద్ పరిసరాలలో చార్మినార్ రేకు అని పిలిచే బూడిదరంగు రేకు దానికి పాత బంధువే. సిమెంటులో ఆస్‌బెస్టాస్ నారను కలిపి పలుచని రేకు తీసే పద్ధతికి 1901లో లుడ్విగ్ హాట్‌షెక్ అనే ఆస్ట్రియా దేశస్థుడు పేటెంటు పొందాడు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఇళ్ల కొరత తీవ్రమైనప్పుడు ఆస్ట్రేలియా ఈ రేకులతో లెక్కలేనన్ని ఇళ్లు కట్టింది. వాటిని ‘ఫైబ్రో’ ఇళ్లన్నారు. ఆ నార ధూళి ఊపిరితిత్తులలో చేరితే దశాబ్దాల తరువాత మీసోథీలియోమా అనే క్యాన్సర్‌గా బయటపడుతుంది. జేమ్స్ హార్డీ కర్మాగారంలో పనిచేసి వ్యాధిగ్రస్తుడైన బెర్నీ బాంటన్, తనవంటి కార్మికుల పరిహారం కోసం సుదీర్ఘంగా పోరాడి 2007 నవంబరులో మరణించాడు. ఆస్‌బెస్టాస్‌పై ఆ దేశంలో సంపూర్ణ నిషేధం 2003 డిసెంబరు 31న అమలులోకి వచ్చింది. మన దేశంలో రేకుల తయారీకి దాని దిగుమతి మాత్రం కొనసాగుతూనే ఉన్నది.

కాబట్టి 1990కి ముందు కట్టిన ఇల్లు అయితే, చూరు కింది పలకలో, స్నానాల గది గోడలో, వెనుక పొడిగించిన గదిలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చుననే భావించాలి. కంటితో చూచి నిర్ణయించడం సాధ్యం కాదు. ముక్కను ప్రయోగశాలలో పరీక్షింపజేయాలి. చాలా రాష్ట్రాలలో 10 చదరపు మీటర్లకు మించి తొలగించాలంటే లైసెన్సు గలవారే చేయాలి. సెలవు రోజున స్నేహితులను పిలిచి, సుత్తెతో పగులగొట్టి, పిల్లలు ఆడుకొనే పెరటిలో కుప్ప వేయడం ఎంత మాత్రం తగదు. ఈ ఒక్క ఖర్చును తగ్గించుకోమని మాత్రం పెద్దలెవరూ సలహా ఇవ్వవద్దు.

నేటి పలకలో ఆస్‌బెస్టాస్ లేదు. సిమెంటు, మెత్తగా నూరిన ఇసుక, కలప గుజ్జు నుండి తీసిన సెల్యులోజ్ నార, నీరు కలిపి పొరలుగా తీసి, అధిక పీడనంలో ఆవిరి పట్టి గట్టిపరుస్తారు. అయితే ఇసుక అంటే సిలికా. వేగంగా తిరిగే రంపంతో పలకను కోస్తే కంటికి కనబడని సిలికా ధూళి లేస్తుంది. మన రాతి క్రషర్ల కూలీలను కృశింపజేసే సిలికోసిస్ వ్యాధికి కారణం ఇదే. పలకపై గాటు పెట్టి విరవడం, కత్తెర వంటి యంత్రంతో తుంచడం, తప్పనిచోట ధూళిని పీల్చే అమరిక గల రంపం వాడడం సరైన పద్ధతులు. పనివాడు ముఖానికి తగిన మాస్కు లేకుండా, తెల్లని దుమ్ములో కోస్తూ కనిపిస్తే, ఇంటి యజమాని చూస్తూ ఊరుకోరాదు. ఇల్లు మనదైనా ఊపిరి అతనిది.

ఇక నీటి సంగతి. 1990ల నుండి న్యూజిలాండ్‌లో వేలాది ఇళ్ల గోడలు లోలోపల కుళ్లిపోయాయి. సిమెంటు పూతవలె నున్నగా కనిపించే తొడుగును, గాలి ఆడే ఎడం లేకుండా, మందు పట్టించని కొయ్య చట్రానికి నేరుగా బిగించడం అందుకు ముఖ్య కారణాలలో ఒకటి. చొరబడిన నీరు తిరిగి పోలేకపోయింది. ఒకదానిపై ఒకటి పడే వెదర్‌బోర్డు ఆ విషయంలో మేలు. అయినా పలక వెనుక నీటిని ఆపి ఆవిరిని వదిలే పొర, సన్నని పట్టీలతో ఏర్పడే ఖాళీ, కోసిన అంచులకు రంగు, నేలకు తగినంత ఎత్తు అవసరం. పలకను చెదలు తినవు గాని, దాని వెనుక ఉన్న కొయ్యను తింటాయి. పూలమొక్కల కోసం గోడ వెంబడి మట్టి పోస్తే చెదలకు దొంగదారి ఏర్పడినట్లే.

చూపు విషయానికి వస్తే, పాత చెక్క పలక మందంగా ఉంటుంది. ఎండ పడినప్పుడు ప్రతి అంచు కింద ఒక నల్లని నీడగీత గీసినట్లుంటుంది. ఆ ఇంటి అందమంతా ఆ గీతలోనే ఉన్నది. పలుచని సిమెంటు పలక వేస్తే గోడ చప్పబడుతుంది. 16 మి.మీ. మందం గలవి కొంత ధర ఎక్కువైనా ఆ నీడను నిలుపుతాయి. చెక్క చారలు అచ్చువేసిన పలకలు కొందరికి ముచ్చటగా తోస్తాయి. మాకు మాత్రం అవి అబద్ధంగా కనిపిస్తాయి. పాతకాలపు వడ్రంగి చిత్రిక పట్టి, నునుపుగా రంగువేసిన పలకలనే బిగించాడు. పాత పలకలు తీయకుండా వాటిపైనే కొత్తవి బిగిస్తే, కిటికీ చట్రాలు గోడలోనికి కూరుకుపోయి ఇంటి ముఖమే మారిపోతుంది. వీథి వైపు పుచ్చిన చెక్కలను మాత్రమే మార్చి, పక్కలకు, వెనుకకు సిమెంటు పలకలు వాడడం మా దృష్టిలో ఉత్తమం. బ్రిస్బేన్‌లో 1946లో గాని అంతకుముందు గాని కట్టిన ఇళ్లు అనేకం నగరపాలక సంస్థ రక్షణ నిబంధనల కిందికి వస్తాయి, ముందుగా విచారించుకోవాలి.

అడవుల చేరువ ఇళ్లకు మంటలాగని గుణం ప్రధానం. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియాలో చెలరేగిన కార్చిచ్చులో 173 మంది చనిపోయారు. ఫైబర్ సిమెంటు మండదు. కాని నిప్పురవ్వలు చూరు సందులలోనుండి, కిటికీల నుండి దూరుతాయి. గోడలు మార్చి సందులు వదిలేస్తే ఫలితం స్వల్పమే.

హైదరాబాదు, విజయవాడలలోనూ ఇటుక గోడలపై ఈ పలకలు అంటించడం ఇటీవల కనిపిస్తున్నది. అది అలంకారమే గాని అవసరం కాదు. దూరదేశంలోని పిల్లలు ధరల పట్టిక పంపినప్పుడు పెద్దలు అందులో మూడు పద్దులు వెదకాలి: పాత గోడ పరీక్ష, పలక వెనుక పొర, కోత సమయంలో ధూళి నివారణ. అవి లేకుంటే ఆ పట్టికను తిప్పి పంపి, మరొక కాంట్రాక్టరును అడగమనాలి.