ఆబిడ్సులో ఆదివారము
(ప్రసంగ పాఠము)

హైదరాబాదు నగరమున ఆబిడ్సు వీధి వారమున ఆరు దినములు వస్త్రములకును, పాదరక్షలకును వచ్చు జనముతో క్రిక్కిరిసి యుండును. ఏడవనాడు చాల దుకాణములు తలుపులు మూసికొనును. ఆ మూసిన తలుపుల యెదుట, కాలిబాట పొడవునను, పట్టాలు పరచి పాత పుస్తకములు అమ్మువారు వచ్చి కూర్చుందురు. దుకాణముల సెలవే ఈ సంతకు చోటు కల్పించినది. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖానుని వస్త్రాలంకరణ చూచిన ఆల్బర్టు ఆబిద్ అను నతడు ఇచ్చట నడిపిన దుకాణమును బట్టియే వీధికి ఈ పేరు వచ్చినది. నిజాము కాలమున వారపు సెలవు శుక్రవారము. కావున ఆదివారపు వేడుక ఈ ఊరికి మనము తలచునంత పాతది కాదు.

ఈ పుస్తకము లెచ్చటనుండి వచ్చును? ఒక యింట పెద్దవారు గతింతురు. లేదా కుటుంబము చిన్న యింటికి మారును. బీరువా ఖాళీ చేయవలసి వచ్చును. పాత కాగితములు కొనువాడు తక్కెడతో వచ్చి, కిలోకు ఇంత అని తూచి, గోనెలో వేసికొని పోవును. వాని కొట్టునుండి దారులు రెండు. ఒకటి కాగితపు మిల్లునకు. అచ్చట నానవేసి గుజ్జు చేయుదురు. రెండవది ఈ కాలిబాటకు. ఏ పుస్తక మే దారిని పోవలెనో నిర్ణయించువాడు పండితుడు కాడు. అట్ట చూచి, ఇది అమ్ముడుపోవునా అని మాత్రమే ఆలోచించును. ఆంగ్ల నవలలు, పరీక్షల పుస్తకములు సులభముగా గట్టెక్కును. అట్ట చినిగిన తెలుగు పుస్తకమునకు ఆ భాగ్యము అరుదు. వేయి ప్రతులు అచ్చయి, మరల అచ్చెరుగని తెలుగు గ్రంథము లెన్నో కలవు. అట్టివానిలో గుజ్జైపోవు ప్రతి ఎన్నవదో ఎవరు చెప్పగలరు?

ఇతరుల ననుట దేనికి? మా తండ్రిగారు పోయిన పిదప వారి పుస్తకములు రెండు గోనెలు తూకమున కిచ్చినవారము మేమే. ఇల్లు మారుచుంటిమి. పిదప కొన్ని మాసములు నేను ప్రతి ఆదివారమును ఆబిడ్సునకు పోయి వెదకితిని. ఒక్కటి దొరికెను: మొదటి పుటలో వారి సంతకము గల చిన్న వ్యాకరణ గ్రంథము. అమ్మువాడు నలుబది రూపాయ లడిగెను. అలవాటు చొప్పున బేరమాడితిని, ముప్పదికి ఇచ్చెను. ఆ పది రూపాయలు తలచినపుడెల్ల నాకు సిగ్గు కలుగును.

క్రొత్తగా పోవువారికి ఒకటి రెండు మాటలు. పుస్తకములు ఎనిమిది లేక పదునారు పుటల ఫారములుగా మడిచి కుట్టబడును. కుట్టు వదలినచో ఫారము ఫారమే జారిపోవును. కనుక కొనుటకు ముందు పుటల అంకెలు చూడుడు. పురుగు తొలిచినదానిని తిన్నగా ఇంటి బీరువాలో చేర్పకుడు. కొన్నాళ్లు విడిగా సంచిలో మూసి యుంచి, పిదప దులిపి నీడను ఆరవేయుడు.

పదకొండు గంటలకు కాళ్లు నొచ్చును. అపుడు ఇరానీ హోటలే శరణ్యము. ఇరానునుండి బొంబాయి మీదుగా వచ్చినవారు నెలకొల్పిన ఈ హోటళ్లు నేడు తగ్గిపోవుచున్నవి. ఆబిడ్సులోని గ్రాండు హోటలు 1935 నాటిది. వీరి చాయ రుచికి కారణము పాలును, డికాషనును వేరువేరుగా కాచుటయే. డికాషనును మూత బిగించిన పాత్రలో సన్నని సెగమీద చాలసేపు మరగనిత్తురు. పాలను చిక్కబడువరకు కాతురు. రెండును కప్పులోనే కలియును. తోడుగా ఉస్మానియా బిస్కత్తు: మొదట తీపి, వెనుక ఉప్పు. మాంసాహారులకు లుఖ్మీ కూడ కలదు. ఒక కప్పు చాయతో గంటసేపు కూర్చున్నను లెమ్మని యెవరును అనరు. ఇంతటి మర్యాద నేటి ఫలహారశాలలలో కానరాదు.

అచ్చటికి దగ్గరనే, సుల్తాను బజారులో, 1901లో స్థాపింపబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము కలదు. తెలుగునకు ఆదరణ కొరవడిన రాజ్యమున కొమర్రాజు లక్ష్మణరావుగారును, రావిచెట్టు రంగారావుగారును, మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారును పూనికవహించి నెలకొల్పిన గ్రంథాలయ మది. పాత పుస్తకము లమ్మదలచినవారు తక్కెడవానిని పిలుచుటకు ముందు ఇట్టి గ్రంథాలయములవారి నొకమా రడిగి చూచిన బాగుండును. మేము అడుగలేదు.

సాయంకాలము మిత్రులతో టాంకుబండునకు పోవుట మా వాడుక. కుతుబ్‌షాహీల కాలమున, 16వ శతాబ్దిలో, త్రవ్వించిన హుస్సేను సాగరపు కట్ట యిది. 1986లో దీనిమీద తెలుగు ప్రముఖుల విగ్రహములు నిలిపిరి. నీటి నడుమ బుద్ధ విగ్రహము 1992లో నిలిచినది. మొల్ల విగ్రహము చూచిన పిల్లలు ఆమె యెవరని అడుగుదురు. పెద్దలు చెప్పుటకు తడబడుదురు.

మొన్నటి ఆదివారము అచ్చటనే బల్లమీద కూర్చుండి, మా మిత్రు డొకరు ఉదయము కొన్న నవలను విప్పిరి. దీపములు వెలుగువరకు చదివి, చప్పున ఆగిపోయిరి. 33వ పుట మొదలు 48వ పుట వరకు, సరిగా ఒక ఫారము, లేదు. వచ్చు వారము అమ్మువాని గోనె వెదుకుటకు నన్ను కూడ రమ్మన్నారు.