చెప్పకపోతే పిల్లలకు తెలియదా?

అమ్మకో నాన్నకో కేన్సర్ అని తేలగానే ఇంట్లో మొదట వినిపించే మాట, 'పిల్లల ముందు మాట్లాడకండి'. గొంతులు తగ్గుతాయి. పిల్లల్ని కొన్నాళ్లు అమ్మమ్మ ఇంటికి పంపేస్తారు. ఇదంతా ప్రేమతోనే. కానీ జబ్బు పేరు తెలియకపోయినా, ఇంట్లో ఏదో జరుగుతోందని పిల్లలు ఇట్టే పసిగడతారు. లుకేమియా అనే రక్త కేన్సర్ తమకే వచ్చిన పిల్లల మధ్య గడిపిన అమెరికన్ మానవశాస్త్రవేత్త మైరా బ్లూబాండ్-లాంగ్నర్ 1978లో తన పుస్తకంలో ఒక సంగతి బయటపెట్టారు. ఎవరూ చెప్పకపోయినా ఆ పిల్లలకు తమ పరిస్థితి తెలుసు. పెద్దలు బాధపడతారేమోనని తమకేమీ తెలియనట్టు ఉండేవారు.

కారణం ఎవరూ చెప్పకపోతే పిల్లలే ఒకటి కల్పించుకుంటారు. అది వయసును బట్టి ఉంటుంది. రెండు నుంచి ఏడేళ్ల మధ్య పిల్లల ఆలోచన తమ చుట్టూనే తిరుగుతుందని స్విస్ మనస్తత్వవేత్త జీన్ పియాజే వివరించారు. అందుకే 'నేను మారాం చేశాను కాబట్టే అమ్మకు జబ్బు చేసింది' అని ఆ పసివాళ్లు నమ్మేస్తారు. ఐదేళ్లలోపు పిల్లలు చావును కూడా ఊరెళ్లడంగానో నిద్రగానో అనుకుంటారని హంగరీ పిల్లలపై మరియా నాగీ 1948లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. చనిపోయినవారిని 'నిద్రపోయారు' అంటే పిల్లలు తామే నిద్రకు భయపడవచ్చు. బడి వయసు పిల్లలకు 'నాకూ అంటుకుంటుందా?' అన్న బెంగ. టీనేజీ వాళ్లు విషయాన్ని పెద్దల్లాగే అర్థం చేసుకుంటారు. తమ్ముడి టిఫిన్ బాక్సు నుంచి అమ్మ మాత్రల దాకా నెత్తిన వేసుకుంటారు. కొంతవరకు అది వాళ్లకు ధైర్యాన్నిస్తుంది. హద్దు దాటితే చదువూ నిద్రా రెండూ దెబ్బతింటాయి.

బెంగను పిల్లలు ఎక్కువగా మాటల్లో చెప్పరు. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. బడికెళ్లే వేళకు కడుపునొప్పి వస్తుంది. ఇప్పుడే ఏడ్చి, మరుక్షణం ఆటలో పడతారు. అది పట్టనితనం కాదు, మోయగలిగినంత దుఃఖాన్నే కాస్త కాస్తగా మోసే తీరు.

మరి ఏం చెప్పాలి? జబ్బు పేరు చెప్పాలి. అది వాళ్ల వల్ల రాలేదనీ, ముట్టుకుంటే కేన్సర్ అంటుకోదనీ చెప్పాలి. రేపటి నుంచి బడికి ఎవరు దింపుతారో చెప్పాలి. కీమో చికిత్సతో జుట్టు ఊడకముందే సంగతి విప్పడం మేలు. కీమో మందులు వేగంగా విభజన చెందే కణాలను దెబ్బతీస్తాయి. జుట్టు కుదుళ్ల కణాలూ అలాంటివే కనుక ఊడుతుంది, చికిత్స అయ్యాక చాలామందికి మళ్లీ వస్తుంది. ఇంతమాత్రం పదేళ్ల పిల్లలకు బాగానే అర్థమవుతుంది. 'తప్పకుండా తగ్గిపోతుంది' అని మాటివ్వకండి. 'డాక్టర్లు చేయగలిగిందంతా చేస్తున్నారు, ఏదైనా మారితే నీకు చెబుతాం' అనండి. బడి, భోజనం, పడుకునే వేళలు వీలైనంత వరకు మారకుండా చూడండి. క్లాస్ టీచర్‌కు ఒక మాట చెప్పి ఉంచండి.

తీవ్రమైన జబ్బుతో ఉన్న తల్లిదండ్రుల పిల్లల అవసరాలను ఆరోగ్య సిబ్బంది పట్టించుకోవాలని నార్వే 2010 నుంచి చట్టంలోనే రాసుకుంది. 'ఇంట్లో చిన్నపిల్లలున్నారా?' అన్న ప్రశ్నను మన ఆసుపత్రులు కేస్ షీటులో చేర్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అప్పటిదాకా ఆ బాధ్యత ఇంటి పెద్దలదే. పిల్లలు అడిగినప్పుడు మాట మార్చకండి, తెలిసినంత నిజం చెప్పండి.